మూడేళ్లకే మాగిన డిగ్రీ గారికి

మహారాజశ్రీ గడువుకు ముందే వచ్చిన డిగ్రీ గారి సముఖానికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ కుర్రాళ్లకు తమరు మూడేళ్లకే దర్శనమిస్తున్నారని, కొందరికైతే రెండున్నరేళ్లకే వరమిచ్చారని విని సంతోషించాము. నాలుగేళ్ల బీటెక్‌ని ఎం-త్రీ అనే మ్యాథ్స్ పేపరు పుణ్యమా అని ఐదేళ్లు చదివినవాణ్ణి కాబట్టి తమరంటే నాకు భయం, భక్తి, కొంచెం కడుపుమంట కూడా ఉన్నాయి. ముందే చెప్పేస్తే మనసు తేలిక.

తమరిని నేను దగ్గర నుంచే చూశాను. అక్కడ ఎంఎస్ చదివే రోజుల్లో చేతిఖర్చులకని కాలేజీ ఆటగాళ్లకు గంటల లెక్కన ట్యూషన్ చెప్పేవాణ్ణి. సబ్జెక్టు స్టాటిస్టిక్స్. నా దగ్గరికి వచ్చేవాడు నూటముప్పై కిలోల కుర్రాడు. రాత్రి ఎనిమిదింటికి ఒక మోకాలికి, ఒక మోచేతికి ఐసు సంచులు పెట్టి, వాటి మీద వంటింట్లో వాడే ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని వచ్చేవాడు. కూర్చోగానే మోచెయ్యి తెచ్చి నా నోట్సు మీద పెట్టేవాడు. స్టాండర్డ్ డీవియేషన్ దగ్గరికి వచ్చేసరికి ఐసు కరిగేది. సిగ్మా గుర్తు తోక సాగి, పక్కనున్న ఎక్స్ మీదకి కారి, మొత్తం ఫార్ములా వానలో తడిసిన గోడ మీద సినిమా పోస్టర్‌లా తయారయ్యేది. "సారీ బ్రో" అని టీషర్టుతో తుడిచేవాడు. దాంతో మిగిలిన ఎన్ కూడా పోయేది.

పొద్దున్న ఐదున్నరకి బరువులు ఎత్తడం, తర్వాత క్లాసులు, మధ్యాహ్నం ప్రాక్టీసు, సాయంత్రం మ్యాచ్ వీడియోలు, రాత్రి నేను. ఆట కోసం వారానికి 20 గంటలకు మించి వాడుకోకూడదని, అక్కడ కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ వారి నిబంధన 1991 నుంచీ ఉంది. చాలా దయగల నిబంధన. మ్యాచ్ రోజు ఎంతసేపు గడిచినా అందులో మూడు గంటలుగానే రాస్తారు. ప్రయాణం లెక్కలోకే రాదు. "స్వచ్ఛందంగా" చేసిన కసరత్తూ రాదు. స్వచ్ఛందం అంటే ఏమిట్రా అని మావాణ్ణి అడిగాను. "రాకపోయినా ఎవరూ ఏమీ అనరు. శనివారం మ్యాచ్‌లో ఆడనివ్వకుండా బెంచీ మీద కూర్చోబెడతారు, అంతే" అన్నాడు.

ఇంత పనిలో తమరు నాలుగేళ్లకు దొరకడమే కష్టం కదా, మూడేళ్లకే ఎలా దొరుకుతున్నారని నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. వాడే లెక్క చెప్పాడు. స్టాటిస్టిక్స్ రానివాడికి ఈ లెక్క మాత్రం నిద్రలో లేపి అడిగినా వచ్చేది. డిగ్రీకి 120 క్రెడిట్లు. హైస్కూలు డిసెంబరులోనే ముగించి, జనవరిలో కాలేజీలో దిగాలి. ఆ వసంతంలో 12, వేసవిలో 9. ఇంటికెళ్లడానికి వీల్లేదు, వేసవిలోనూ కసరత్తు ఉంటుంది కాబట్టి ఎలాగూ అక్కడే పడి ఉండాలి, ఆ పడి ఉండేదేదో క్లాసులో పడి ఉండాలి. తర్వాత ప్రతి సెమిస్టరుకీ 15, ప్రతి వేసవికీ 12. మూడో ఏడు డిసెంబరుకి సరిగ్గా 120. తోటి పిల్లలు సెలవులకు బీచికి పోతుంటే తమరు వీళ్ల ఒళ్లోకొచ్చి కూర్చుంటారు. అదీ తమరి రహస్యం!

వాడికి నర్సింగ్ చదవాలని ఉండేది. ల్యాబులు, ఆసుపత్రి డ్యూటీలు మధ్యాహ్నాలే. ప్రాక్టీసూ మధ్యాహ్నమే. సలహాదారు నవ్వుతూ "జనరల్ స్టడీస్ చాలా బావుంటుంది" అన్నారట. తర్వాత మనసు మారినా మారడానికి లేదు. రెండో ఏడు చివరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడుకి 60, నాలుగో ఏడుకి 80 పూర్తి కావాలి, లేకపోతే ఆడనివ్వరు. మధ్యలో రూటు మార్చితే శాతం పడిపోతుంది. కాబట్టి నాన్‌స్టాప్ బస్సు ఎక్కించారు. బస్సు టైముకంటే ముందే చేరింది. వాడు దిగాలనుకున్న ఊరు మాత్రం దారిలో పోయింది.

తమరిలో చెట్టున పండినవాళ్లు లేరని నేననను. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ ఆటగాడు మైరన్ రోల్ రెండున్నరేళ్లలో డిగ్రీ పూర్తిచేసి, 2008 నవంబరులో ఒకే రోజు పగలు బర్మింగ్‌హామ్‌లో, ఆక్స్‌ఫర్డ్ చదువుకిచ్చే రోడ్స్ స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూకి వెళ్లి, అది గెలుచుకుని, ప్రత్యేక విమానంలో మేరీల్యాండ్ చేరి ఆట మధ్యలో మైదానంలోకి దిగాడు. ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుని తిరిగొస్తే ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగు పెద్దలకు ఒక అనుమానం పట్టుకుంది: ఇంత చదివినవాడికి ఆట మీద మనసుంటుందా అని. 2010లో జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో ఆరో రౌండుకి గానీ ఎవరూ తీసుకోలేదు. లీగులో ఒక్క అసలు మ్యాచ్ కూడా ఆడకుండానే బయటికొచ్చాడు. ఇప్పుడు మెదడు శస్త్రచికిత్స నిపుణుడు. ఆ ఆటలో పగిలే తలకాయలకి అవసరమైన మనిషినే వాళ్లు బయటికి పంపారన్నమాట. మా ఊళ్లో ఆటలాడితే చదువు పాడవుతుందని కొడతారు. అక్కడ చదివితే ఆట పాడవుతుందని అనుమానిస్తారు. బెత్తం ఒకటే, చేతులు మారాయి.

ఇక కార్బైడ్ పెట్టి మాగేసిన డిగ్రీల సంగతి తమరికి చెప్పేదేముంది. నార్త్ కరోలినా యూనివర్సిటీలో 1993 నుంచి 2011 దాకా జరగని క్లాసులు జరిగాయి. ఒక పేపరు రాసిస్తే చాలు, ఆఫీసు గుమాస్తా గారే మంచి గ్రేడు వేసేవారు. సుమారు 3,100 మంది ఆ చెట్టు కింద సేదతీరారని 2014 నివేదిక చెప్పింది, అందులో ఆటగాళ్ల వాటా పెద్దది. 2017లో ఎన్‌సీఏఏ తీర్పు: ఆ క్లాసులు మామూలు విద్యార్థులకీ దొరికాయి కాబట్టి ఆటగాళ్లకు ప్రత్యేక లాభమేమీ జరగలేదు, యూనివర్సిటీకి శిక్ష లేదు. పాలలో నీళ్లు అందరికీ సమానంగానే కలిపారు కదా అన్నట్టు.

సరే, అసలు సంగతికొస్తాను. తమరి కోసం వీళ్లు ఇంత తపస్సు ఎందుకు చేశారో తమరికి తెలుసు. కోచ్ ఆదివారం ఒక కాలేజీ వదిలి సోమవారం ఇంకోచోట ఎక్కువ జీతానికి చేరొచ్చు. ఆటగాడు కాలేజీ మారితే అప్పట్లో ఏడాది ఖాళీగా కూర్చోవాల్సి వచ్చేది. డిగ్రీ చేతికొచ్చినవాడికి మాత్రం ఆ శిక్ష ఉండేది కాదు, వెళ్లి వెంటనే ఆడేవాడు. "ముందు చదువు, తర్వాతే ఆట" అని ఏళ్ల తరబడి ఉపన్యాసం ఇచ్చిందెవరో, వాళ్ల మాటే పట్టుకుని కుర్రాళ్లు చదువు ముందే ముగించి గేటు దాటారు. పాపం, అంత నిజంగా నమ్ముతారని వాళ్లూ అనుకోలేదు.

అలా గేటు దాటిన ఆటగాళ్లలో రసెల్ విల్సన్ మూడేళ్లలో డిగ్రీ తీసుకుని 2011లో విస్కాన్సిన్ వెళ్లాడు. జో బరో మూడేళ్లలో ఒహాయో స్టేట్‌లో ముగించి లూసియానా వెళ్లి, 2019లో ఒక్క మ్యాచ్ ఓడకుండా 60 టచ్‌డౌన్ పాసులు వేశాడు. జేలెన్ హర్ట్స్ కథ ఇంకా ముచ్చటైనది. 2016 జనవరిలో అలబామాలో చేరాడు, 2018 జనవరిలో జాతీయ ఫైనల్ మధ్యలో బెంచీ ఎక్కించారు, నోరెత్తకుండా క్లాసులకెళ్లి ఆ డిసెంబరులో తమరిని చేత పుచ్చుకుని ఓక్లహోమాకి బయల్దేరాడు. వీసా స్టాంపింగ్ కోసం చెన్నై, హైదరాబాద్ కాన్సులేట్ల ముందు ఎండలో నిలబడ్డ మాలాంటివాళ్లకి తమరు చప్పున అర్థమవుతారు. తమరు పట్టా కారు, ఎగ్జిట్ పర్మిట్.

2021లో ఎన్‌సీఏఏ రూలు మార్చింది. డిగ్రీ లేకపోయినా ఒకసారి కాలేజీ మారి వెంటనే ఆడుకోవచ్చంది. 2024కి ఆ "ఒకసారి" కూడా పోయింది. గేటే తీసేశాక పర్మిట్‌కి గిరాకీ ఏముంటుంది? తమరికి ఇప్పుడు కాస్త ఒంటరిగా ఉంటుందేమో. దిగులు పడకండి. ఇండియాకి రండి. ఇక్కడ యూజీసీ వారు మూడేళ్ల డిగ్రీని ఐదు సెమిస్టర్లలోనే ముగించుకునే వీలు కల్పించారు. ఆటగాళ్ల సంగతంటారా, మా ఇంటర్ కాలేజీలు అపార్టుమెంట్లలో ఉంటాయి, ఆ టెన్షన్ మాకు లేదు.

మావాడి డిగ్రీ 2017 డిసెంబరులో వచ్చింది. స్నాతకోత్సవం రోజు వాడు జట్టుతో వేరే ఊళ్లో ఉన్నాడు, పండగ మ్యాచ్ ప్రాక్టీసు. నువ్వెళ్లి నా పేరు పిలిచినప్పుడు వీడియో తియ్యి అని బతిమాలాడు. వెళ్లాను. పేరు పిలిచారు, తప్పుగా పలికారు, ఖాళీ కుర్చీ కేసి జనం చప్పట్లు కొట్టారు. పదకొండు సెకన్ల వీడియో పంపించాను. రెండు నిమిషాల్లో ఫోన్ చేశాడు, గొంతు బాగా తగ్గించి, బాత్రూంలోంచి మాట్లాడుతున్నట్టున్నాడు. వేరే కాలేజీవాళ్లతో మాట్లాడాలంటే, అప్పట్లో, తాను ఆడుతున్న కాలేజీ అనుమతి ఉండాలి, అది వాడింకా అడగలేదు. రిజిస్టర్ మ్యారేజీ చేసుకుని ఇంట్లో చెప్పనివాడిలా ఉంది వాడి కంగారు.

"థాంక్స్ బ్రో" అన్నాడు. "ఇంకెవరికీ పంపలేదు కదా? డిగ్రీ అయిపోయిందని కోచ్‌కి తెలిస్తే చంపేస్తాడు."

ఇట్లు,
తమరి కోసం ఒక ఏడాది ఎక్కువే ఎదురుచూసిన
ఎం-త్రీ బాధితుడు