చావమంటే చావని 7 శాతం

ఆ రోజు ఆన్‌లైన్ మీటింగులో నా వంతు వచ్చేసరికి లాప్‌టాప్ మూల బ్యాటరీ బొమ్మ చూపిస్తున్న అంకె 41 శాతం, దాని పక్కనే ఇంకా 2 గంటల 10 నిమిషాలు వస్తానని హామీ కూడా ఇచ్చింది. మీటింగ్ గంటే కదా, ఛార్జరేమో పక్క గదిలో ఉంది, ఇప్పుడు లేచెళ్ళి ఏం తెస్తాంలే అని కూర్చున్నా. కెమెరా ఆన్, స్క్రీన్ షేర్ ఆన్, పదో స్లైడు దాకా బానే లాక్కొచ్చా, అప్పుడు మేనేజర్ గారు మధ్యలో ఆపి "మరి ఈ లెక్క ఎందుకు తగ్గింది?" అనడిగారు. నేను గొంతు సవరించుకుని "అక్కడికే వస్తున్నా సర్, అసలు ముఖ్యమైన విషయం ఏంటంటే" అన్నానో లేదో తెర నల్లబడిపోయింది. ముందు ఒక హెచ్చరిక లేదు, కనీసం టింగుమని ఓ శబ్దం లేదు.

పరిగెత్తుకెళ్ళి ఛార్జర్ తెచ్చి గుచ్చి ఆన్ చేస్తే 4 శాతం చూపిస్తోంది, 41లో వెనకున్న ఒకటి రాలి కిందపడ్డట్టు. నేను మళ్ళీ చేరేసరికి మీటింగ్ అయిపోయింది. ప్రశ్న వినగానే పారిపోయానని అందరికీ గట్టి నమ్మకం. నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్నకి జవాబు నాకూ తెలీదు, కానీ పారిపోయింది మాత్రం నేను కాదు.

ఆ రోజు నించి నాకా మూల బొమ్మ మీద పగ పట్టింది. ఊరికే మౌస్ పెట్టి చూస్తూ కూర్చునేవాణ్ణి, 5 గంటల 12 నిమిషాలు అంటుంది, ఓ వీడియో తెరిస్తే గంటా నలభై అంటుంది, అది మూసేస్తే 6 గంటలంటుంది, అంటే కాసేపు వాడాక ముందుకన్నా ఎక్కువైందన్నమాట! ఇదే పద్ధతిలో నా జీతం కూడా పెరిగితే బావుండుననిపించింది. తర్వాత తెలిసిందేంటంటే అదేం జోస్యం కాదు, మిగిలిన కరెంటుని ఈ క్షణం ఎంత తాగుతోందో దాంతో భాగించి చెప్తుందంతే, మనం ఖాళీగా ఉంటే ఇంక జన్మంతా ఖాళీగానే ఉంటామనుకుంటుంది పాపం.

మా బావమరిదికి ఫోన్ చేశా. వాడికి కంప్యూటర్లు తెలుసు, తెలుసని వాడికి మరీ బాగా తెలుసు. "లోపలి భాగాల జాబితా ఉంటుంది చూడు, డివైస్ మేనేజర్ అని, అందులోకెళ్ళి బ్యాటరీ ఎంట్రీ అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ కొట్టు బావా" అన్నాడు. కొట్టా. తీసెయ్యగానే మూల బొమ్మే మాయమైపోయింది, ఆ ఐదు నిమిషాలు ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉందో. రీస్టార్టయ్యాక మళ్ళీ వచ్చి కూర్చుంది, పాత మొహంతోనే.

రెండో మందు, కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టమన్నాడు. రిపోర్ట్ ఎక్కడ సేవ్ చేసిందో ఆ నల్ల కిటికీలోనే చెప్తుందట, నేను ఆనందం కొద్దీ చదవకుండా మూసేసి ఓ అరగంట ఫోల్డర్లన్నీ వెతికా. చివరికి దొరికింది, అందులో డిజైన్ కెపాసిటీ, అంటే కొత్తలో పట్టేది 45,000, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ, అంటే ఇప్పుడు నిండా పట్టేది 39,000 మిల్లీవాట్ అవర్లు అనుంది. నాలుగేళ్ళ బ్యాటరీకి ఇంత ఆరోగ్యమా అని నేను పొంగిపోతుంటే వాడు "అదే బావా అబద్ధం" అన్నాడు.

వాడు చెప్పింది నాకర్థమైనంత వరకూ ఇదీ. బ్యాటరీలో ఎంతుందో మూత తీసి చూసే వీల్లేదు. లోపల ఓ చిన్న చిప్ కూర్చుని వచ్చిన కరెంటు ఇంత, పోయిన కరెంటు ఇంత అని చిట్టా రాస్తుంటుంది, పర్సు తెరవకుండా పుస్తకంలో లెక్కలు చూసి పర్సులో ఎంతుందో చెప్పడం లాంటిదన్నమాట. రోజూ కాస్త తప్పు పడుతుంది, పడ్డది పేరుకుంటుంది. పోనీ వోల్టేజి చూసి చెప్పొచ్చుగా అంటే, లోపలుండే లిథియం అయాన్ సెల్ నిండినప్పుడు 4.2 వోల్టులు, అడుగంటితే 3 దగ్గర్లో ఉంటుంది, మధ్యలో మాత్రం 3.7 అటూఇటూగా చాలాసేపు ఏ భావమూ లేకుండా ఉంటుంది, ఆ మొహం చూసి 60 శాతమో 40 శాతమో చెప్పలేం. అందుకని నిండా ఛార్జ్ చేసి, మొత్తం అడుగంటనిచ్చి, మళ్ళీ నింపితే చిప్‌కి రెండు చివర్లూ తెలిసి లెక్క సర్దుకుంటుందట. దాన్ని కాలిబ్రేషన్ అంటారు. "ఊరికే చావనివ్వు బావా, అంతే పని" అన్నాడు. ఇదెంతసేపు, ఎవరూ అడక్కుండానే చచ్చే లాప్‌టాప్ ఇది అనుకున్నా.

ఆదివారం మధ్యాహ్నం మొదలెట్టా. 100 చేసి, దానంతటది నిద్రపోకుండా స్లీపూ హైబర్నేటూ ఆపేసి, ఛార్జర్ పీకి, బల్ల మీద పెట్టా. సాయంత్రానికి 22కి దిగింది, సరే కాసేపు నడుం వాలుద్దామని పడుకుని లేచి చూస్తే 71! మావాడొచ్చి గర్వంగా "అయిపోతోందని నేనే ఛార్జింగ్ పెట్టా నాన్నా" అన్నాడు. పుట్టాక ఇంట్లో ఎవరి ఫోనూ ఛార్జింగ్ పెట్టిన పాపాన పోలేదు వీడు. తిట్టాలా మెచ్చుకోవాలా తెలీక ఊరుకుని మళ్ళీ 100 నించి మొదలెట్టా.

రాత్రి పదిన్నరకి 7కి వచ్చింది. ఇంకెంత, పది నిమిషాలు అనుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నా. పదకొండయింది, 7. పదకొండున్నర, 7. బావమరిదికి మెసేజ్ పెడితే కొన్ని చిప్‌లంతే, అడుగు వోల్టేజి కళ్ళారా కనిపించేదాకా అంకెని 7 దగ్గర పట్టుకుని కూర్చుంటాయి అన్నాడు. మరి మీటింగులో 41 దగ్గరే ఎలా పోయింది రా అంటే, ముసలి బ్యాటరీ బావా, కెమెరా ఫ్యాను అన్నీ కలిసి ఒక్కసారి లాగితే లోపలి రెసిస్టెన్స్ వల్ల వోల్టేజి ధబేల్మని పడిపోతుంది, ఇప్పుడు ఏ పనీ లేదు కదా అందుకే హాయిగా ఉంది అన్నాడు. ఇది మా ఆవిడకి చదివి వినిపించా. ఆవిడ దుప్పట్లోంచి తల కూడా తియ్యకుండా "పనుంటే పడిపోతుంది, పన్లేకపోతే అర్ధరాత్రి దాకా మేలుకుని కూర్చుంటుంది, అచ్చం మీలాగే అండీ" అంది.

ఎప్పుడు నిద్రపట్టిందో తెలీదు, మెలకువొచ్చేసరికి నాలుగు. తెర నల్లగా ఉంది, పవర్ బటన్ నొక్కితే లైటు కూడా వెలగలేదు. ఆనందం ఆపుకోలేక "పోయింది! పోయింది!" అని అరిచా. మా ఆవిడ అదిరిపడి లేచి కూర్చుని "అయ్యో, ఎవరండీ?" అంది. విషయం చెప్పాక ఆవిడ చూసిన చూపు ఇక్కడ రాయలేను.

పొద్దున నిండా ఛార్జ్ చేసి మళ్ళీ రిపోర్ట్ తీశా. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 39,000 కాస్తా 16,800 అయింది. ఇదివరకు మూడు గంటలని చెప్పి ముప్పావు గంటకి పోయేది, ఇప్పుడు ముప్పావు గంటని చెప్పి సరిగ్గా ముప్పావు గంటకి పోతోంది. "డిస్‌ప్లే ప్రాబ్లం సాల్వ్ అయింది కదా బావా" అన్నాడు వాడు, నేను థాంక్స్ చెప్పా, మనస్ఫూర్తిగా మాత్రం కాదు.

ఆ వారం మీటింగుకి ఛార్జర్ గుచ్చుకుని మరీ కూర్చున్నా. మేనేజర్ గారు అందరి పలకరింపులూ అయ్యేదాకా ఆగి "పోయిన వారం మీరేదో ముఖ్యమైన విషయం చెప్తూ వెళ్ళిపోయారు, చెప్పండి" అన్నారు. జవాబు ఇంకా తెలీదు, వారమంతా బ్యాటరీతోనే సరిపోయింది కదా. బల్ల కింద కాలివేళ్ళతో ఛార్జర్ వైరు మెల్లగా లాగేసి మూలకి ఆశగా చూశా. 98 శాతం, ఇంకా 44 నిమిషాలు ఉంటానంది. ఉంది కూడా.