ఆసక్తి కోసం ఆగితే నెలలు గడిచిపోతాయి
"ఆసక్తి పుట్టాకే హాబీ మొదలుపెట్టండి" అని, డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు హాబీల గురించిన ఒక వ్యాసంలో రాసిన మాటతో ఏకీభవించలేను. డిప్రెషన్‌లో ముందు పోయేదే ఆసక్తి కదా. బిహేవియరల్ యాక్టివేషన్ అనే చికిత్సా పద్ధతి దీన్ని తిరగేసి చెబుతుంది: పని ముందు, ఉత్సాహం తర్వాత. అందుకే పని బాగా చిన్నదై ఉండాలి, ఫలితం త్వరగా కంటికి కనపడాలి. మొక్కల పెంపకమే హాబీ అనుకుంటే గులాబీలు, మామిడి అంట్లు ఇప్పుడే వద్దు, మెంతికూర మేలు. అడుగున చిల్లులున్న నాలుగైదు అంగుళాల లోతు టబ్బు, పోపులడబ్బాలోని మెంతులు రెండు చెంచాలు చాలు. రాత్రి నానబెట్టి, పొద్దున్నే మట్టి మీద చల్లి, పైన పావు అంగుళం మట్టి కప్పాలి. మూడు నాలుగు రోజులకు మట్టిని పైకి లేపుకుంటూ, కొన్నయితే గింజ తొక్క నెత్తిన పెట్టుకునే, మొలకలు బయటికొస్తాయి. 25-30 రోజులకు కూర కోతకొస్తుంది. ఎక్కువమంది చెడగొట్టేది నీళ్లతోనే. చిల్లుల్లేని టబ్బులో రోజూ కుమ్మరిస్తే మొదళ్లు కుళ్లి మొలకలు వాలిపోతాయి. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరితేనే పోయాలి. కుంగుబాటులో ఉన్న మనిషి ఆ వాలిన మొలకల్ని చూసి 'నా చేత ఏదీ కాదు' అనుకునే ప్రమాదం ఉంది, కాబట్టి వారం తేడాతో రెండో టబ్బు కూడా వేసుకోవాలి. రోజూ పళ్లు తోముకోగానే టబ్బుల దగ్గర పది నిమిషాలు, అంతే. ఇంట్లోవాళ్లు "ఇవాళ నీళ్లు పోయలేదే" అని దయచేసి నిలదీయొద్దు. డాక్టరు ఇచ్చిన మందులు సొంతంగా ఆపకూడదు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే హాబీల సంగతి పక్కనపెట్టి వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి, తెలుగులోనూ మాట్లాడతారు.