పడ్డావా అని కసిరినట్టు అడిగితే ఎవరు చెప్తారు?

ఇంట్లో పెద్దవాళ్ళు కింద పడ్డారనుకోండి, ఎవరింట్లో అయినా ముందు వచ్చే మాటలు ఇవే, "నిన్నెవరు లేవమన్నారమ్మా, పిలిస్తే వచ్చేవాళ్ళం కదా, ఇక నుంచి ఒక్కదానివే ఎక్కడికీ కదలకు". భయంతో అంటాం, ప్రేమతోనే అంటాం, కాదనను. కానీ ఆ మాటలు విన్న మనిషి రెండోసారి జారితే నోరు విప్పరు, మోచేతి దగ్గర ఎందుకు కమిలిందని అడిగితే తలుపు కొట్టుకుంది అంటారు. నన్నడిగితే, పడకుండా చూసుకోవడం అనే పేరుతో మనం చేసేవాటిలో చాలా భాగం వాళ్ళని ఇంకా పడేలా చేసేవే.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం 65 దాటినవాళ్ళలో ఏడాదికి నలుగురిలో ఒకరికి పైనే పడుతున్నారు, వాళ్ళలో సగం మంది కూడా డాక్టర్‌కి చెప్పట్లేదు, పైగా ఒకసారి పడ్డవాళ్ళు మళ్ళీ పడే అవకాశం రెట్టింపు. అంటే దెబ్బ తగలకపోయినా సరే మొదటిసారి పడటమే డాక్టర్‌తో చెప్పాల్సిన విషయం, అది దాచుకునేలా చేసేది మన కసురే. "వయసైంది, పడతారు మరి" అని వదిలేసేవాళ్ళు ఉంటారు చూడండి, వాళ్ళతో నాకు ఇంకా పెద్ద గొడవ. వయసు ఒక్కటే కాదండీ, వెతికితే దాదాపు ప్రతిసారీ రెండు మూడు కారణాలు దొరుకుతాయి, అందులో కొన్నైనా సరిచేయగలిగేవే.

ఇక "కూర్చో, లేవకు" సంగతి. పడతానేమో అన్న భయంతో తిరగడం తగ్గిస్తారు, తిరగకపోతే తొడల్లో కండ కరుగుతుంది, కండ తగ్గితే కాలు తడబడినప్పుడు సర్దుకునే బలం ఉండదు, అప్పుడు నిజంగానే పడతారు. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళనే పది రోజులు మంచం మీద ఉంచి చూస్తే, ఒక్క కాళ్ళలోంచే దాదాపు కిలో కండ పోయింది. పది రోజులకే అలా ఉంటే నెలల తరబడి సోఫాలో కూర్చోబెడితే ఏమవుతుందో మీరే ఆలోచించుకోండి.

ముందు అడగాల్సినవి మూడే ప్రశ్నలు: ఈ ఏడాదిలో పడ్డారా, నిలబడినప్పుడో నడిచేటప్పుడో తూలినట్టు ఉంటుందా, పడతానేమో అని భయంగా ఉంటుందా. ఒక్కదానికి అవునన్నా డాక్టర్‌ దగ్గర పూర్తిగా చూపించుకోవాలి. అడిగేటప్పుడు గొంతు ఎలా ఉందనేదే అసలు విషయం, పోలీసు విచారణలా అడిగితే మూడింటికీ "లేదు" అనే వస్తుంది.

డాక్టర్లు చేసే ఒక పరీక్ష మన హాల్లోనూ చేసుకోవచ్చు, టైమ్డ్ అప్ అండ్ గో అంటారు. కుర్చీలోంచి లేచి, మామూలు నడకతో మూడు మీటర్లు వెళ్ళి, తిరిగి వచ్చి కూర్చోవాలి, పక్కన ఎవరో ఒకరు పట్టుకోడానికి రెడీగా ఉండాలి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే రిస్క్ ఉన్నట్టు. కానీ నేనైతే గడియారం కంటే మనిషినే ఎక్కువ చూడమంటాను. లేవడానికి రెండు చేతులూ కుర్చీ చేతుల మీద గట్టిగా నొక్కి, ఒకసారి ముందుకి ఊగి, సగం లేచి మళ్ళీ కూలబడి, రెండోసారికి లేచారా? మలుపు దగ్గర ఒక్కసారిగా తిరగలేక గోడ మీద చెయ్యేసి చిన్న చిన్న అడుగులతో తిరిగారా? అదంతా డాక్టర్‌కి చెప్పాల్సిందే. అసలు గడియారమే అక్కర్లేనిది ఇంకోటుంది, పక్కన నడుస్తూ మామూలుగా ఏదో ఒకటి అడగండి. జవాబు చెప్పడానికి నడక ఆపేస్తున్నారంటే జాగ్రత్త పడాలి, 1997లోనే స్వీడన్ పరిశోధకులు ఇది గమనించి రాశారు.

రాత్రిపూట మంచం దిగి రెండడుగులు వేసేసరికి కళ్ళు తిరిగి పడటం చాలామందిలో ఉంటుంది. అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసి, నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్ళీ చూడాలి, పై నంబర్ 20 గానీ కింద నంబర్ 10 గానీ తగ్గితే అక్కడ ఒక కారణం దొరికినట్టే. కూర్చోబెట్టి ఒక్కసారి చూసి "బీపీ నార్మల్" అంటే ఇది తెలియదు. అలాగే మాత్రల సంగతి: నిద్ర మాత్రలు, ఆందోళనకి ఇచ్చేవి, కొన్ని డిప్రెషన్ మందులు, జలుబు ఎలర్జీలకి ప్రిస్క్రిప్షన్ లేకుండా కొనుక్కునే మగతొచ్చే బిళ్ళలు, ఇవన్నీ పడే రిస్క్ పెంచుతాయి. సొంతంగా ఆపేయకండి, ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళి డాక్టర్ ముందు పెట్టి, "వీటిలో ఏవి నిజంగా కావాలి?" అని అడగండి. విటమిన్ డి మాత్ర ఒక్కటి వేసేసి పని అయిపోయిందనుకోకండి, లోపం లేనివాళ్ళకి దానివల్ల పడటం తగ్గట్లేదు, 2010లో ఆస్ట్రేలియా అధ్యయనంలో ఏడాది మోతాదంతా ఒకేసారి ఇస్తే ఇంకా ఎక్కువ పడ్డారు.

ఇంట్లో చేయాల్సినవి మీకు తెలిసినవే, దారిలో లైటు, జారే చిన్న కార్పెట్లు తీసేయడం, బాత్రూమ్‌లో గోడకి గట్టిగా బిగించిన పట్టుకునే రాడ్ (టవల్ రాడ్ మనిషి బరువు ఆపదు, పట్టుకుంటే ఊడొస్తుంది). మడమ దగ్గర పట్టులేని వదులు చెప్పులు వద్దు. ప్రోగ్రెసివ్ కళ్ళజోడుతో (దూరానికీ దగ్గరకీ ఒకే అద్దం ఉండేది) మెట్లు దిగుతుంటే కింది భాగంలోంచి మెట్టు మసకగా కనిపిస్తుంది, బయట తిరిగేవాళ్ళు దూరం చూపుకి వేరే జోడు పెట్టుకోవచ్చా అని కళ్ళ డాక్టర్‌ని అడగాలి.

వీటన్నిటికంటే నేను వ్యాయామానికే ఓటు వేస్తాను. 2019లో కోక్రేన్ సంస్థ ఎన్నో అధ్యయనాలని కలిపి చేసిన సమీక్షలో వ్యాయామం వల్ల పడటాలు 23 శాతం తగ్గాయని తేలింది, అది కూడా ఎక్కువగా బ్యాలెన్స్‌ని పరీక్షించే రకంతో. కుర్చీలో కూర్చుని చేతులు ఊపడం కాదు, సాయంత్రం వాకింగ్ ఒక్కటీ చాలదు. గట్టి బల్ల పట్టుకుని ఒంటి కాలి మీద నిలబడటం, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నడవడం, చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, తాయ్ చీ అనే నెమ్మదైన చైనా వ్యాయామం, ఇలాంటివి. న్యూజిలాండ్‌లో మొదలైన ఒటాగో ప్రోగ్రామ్ మొత్తం ఈ దారిలోనే ఉంటుంది, ఇంట్లోనే చేసుకోవచ్చు. కొంచెం తూలేంత కష్టం లేకపోతే ఉపయోగం లేదు, అందుకే మొదట్లో ఫిజియోథెరపిస్ట్ నేర్పాలి. "అయ్యో మామయ్య గారూ, మీకెందుకండీ ఇవన్నీ" అని మనమే ఆపేస్తాం చూశారా, అదే నాకు ఒళ్ళు మండేది.

అన్నీ చేసినా పడతారు కొందరు, అందుకని లేవడం కూడా నేర్పించాలి. మనం చంకల కింద చేతులు పెట్టి ఒక్క ఉదుటున లాగేస్తాం, అది ఇద్దరికీ ప్రమాదం. ఎక్కడైనా విపరీతమైన నొప్పి ఉందా, తలకి తగిలిందా అని ముందు అడగాలి. ఏమీ లేకపోతే పక్కకి ఒత్తిగిల్లి, చేతులూ మోకాళ్ళ మీదకి వచ్చి, గట్టి కుర్చీ దాకా పాక్కుంటూ వెళ్ళి, ఒక పాదం ముందుకి పెట్టి, కుర్చీ మీద చేతులు ఆనించి వాళ్ళంతట వాళ్ళే లేవాలి. రక్తం పలచన చేసే మందులు వాడుతూ తలకి తగిలితే మాత్రం "బాగానే ఉన్నాను" అన్నా సరే, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి.

మెడలో వేసుకునే ఎమర్జెన్సీ బటన్ కొనిచ్చాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్ళకి ఒక మాట. కేంబ్రిడ్జ్‌లో 90 దాటినవాళ్ళ మీద జరిగిన అధ్యయనం 2008లో వచ్చింది, అందులో ఒంటరిగా పడి లేవలేకపోయినవాళ్ళలో బటన్ ఉండి కూడా ఎక్కువమంది నొక్కలేదు. కొనేటప్పుడే కూర్చుని మాట్లాడండి, ఎప్పుడు నొక్కాలి, నొక్కితే ఎవరు వస్తారు, వచ్చినవాళ్ళు ఏమంటారు అని.