చచ్చిన చేప కళ్ళు చారెడు

చమురు బావి తవ్వే ముందు పక్క వాగులో చేపలు లెక్కపెట్టాలట. దీనికి బేస్‌లైన్ సర్వే అని పేరు. ఇంత ప్రమాదకరమైన ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, చమురు పరిశ్రమ మేలు కోరేవాడిగా తీవ్రంగా ఖండిస్తున్నాను. లెక్కంటూ ఉంటే రేపు ఎవడో ఒకడు లెక్క అడుగుతాడు.

లెక్క లేకపోతే ఎంత సుఖమో 1989లో అలాస్కాలో చూశాం. ఎక్సాన్ వాల్డీజ్ ఓడ రాతిదిబ్బకు గుద్దుకుని సుమారు 1.1 కోట్ల గ్యాలన్ల ముడి చమురు సముద్రం పాలైంది. పక్షులు, చేపలు, సముద్రపు నీటికుక్కలు ఎన్ని పోయాయని అడిగితే, అసలు ఎన్ని ఉండేవన్న ప్రశ్న ముందొచ్చింది. చాలా జీవులకు అంతకుముందు సరైన లెక్కే లేదు. నిపుణులకు ఏళ్ళ తరబడి వాదించుకునే పని దొరికింది. చచ్చినవాడి కళ్ళు చారెడు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ కళ్ళను బతికుండగానే స్కేలు పెట్టి కొలిచేస్తే ఇక వాదనకు చోటెక్కడ?

అదే అలాస్కా ఉత్తరపు కొసన, 1968లో ప్రూడో బేలో భూమిలో చమురు నిల్వ బయటపడ్డ వైపు, ఇప్పుడు సరిగ్గా ఈ కొలిచే పనే నడుస్తోంది. వాగులో గొట్టంలాంటి వల కడతారు. చిటికెన వేలంత స్టికిల్‌బ్యాక్, వీపు మీద తొమ్మిది ముళ్ళు, అరచేతిలో టపటపా కొట్టుకుంటుంటే ముక్కు నుంచి తోకదాకా మిల్లీమీటర్లలో కొలిచి, రాసుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. (వండుకోరు!) పెద్ద చేపకైతే ఒంట్లో బియ్యపు గింజంత గుర్తింపు ట్యాగు పెడతారు, అది ఎటు వెళ్ళిందో తెలియడానికి. రాయి మీద నాచు గీకుతారు, రాయి కింద పురుగులు ఏరతారు. చమురు వాసనే తగలని ఇంకో వాగులో కూడా ఇదంతా చేస్తారు, పోల్చి చూడటానికి. ఒక ఏడు ఉన్న నీళ్ళు ఇంకో ఏడు ఉండవు కాబట్టి కొన్నేళ్ళు చేయాలంటారు.

నా టెన్షన్ ఆ ట్యాగుతోనే. రేపు రోడ్డు కింద కల్వర్టు వేశాక చేప ఎగువకు ఎక్కలేక ఆగిపోయిందనుకోండి, నిన్నటిదాకా ఎక్కేదని అదే సాక్ష్యం చెబుతుంది. మన ఖర్చుతో మన మీదే సాక్షి.

సర్వే తప్పదంటే నాదొక సలహా. ఫిబ్రవరిలో చేద్దాం. అక్కడి చిన్న వాగులు చలికాలంలో అడుగుదాకా గడ్డకడతాయి. గ్రేలింగ్ చేపలు అంతకుముందే లోతు నీళ్ళు వెతుక్కుంటూ వెళ్ళిపోతాయి. ఇక పూర్తి నిజాయతీగా, సంతకాలతో సహా రాసుకోవచ్చు: చేపలు సున్నా.

బావులు తవ్వి, రోడ్లు వేశాక రెండో లెక్క జూలైలో. ఎంత పాడైన వాగులోనైనా ఒక్కటి దొరక్కపోదు. చమురు వచ్చాకే చేపలొచ్చాయని రిపోర్టు రాసి, పైన ఫొటో వేద్దాం. దానికి ఆ తొమ్మిది ముళ్ళ చేపే చాలు. బాగా దగ్గర్నుంచి తీస్తే దాని కళ్ళు కూడా చారెడు కనిపిస్తాయి.