మెమో గారికి, పక్క సీటు తరఫున సంజాయిషీ

మహారాజశ్రీ మెమో గారికి,

నిన్న ఆఫీసు మూసే వేళకు, అటెండరు చేతిలోని తపాలు పుస్తకంలో పవళించి, తమరు నా బల్ల మీదికి వేంచేసినందుకు కృతజ్ఞతలు. పక్క సీటులో ఫైళ్లు పెండింగులో ఉండటానికి కారణమేమిటో, నాపై క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోరాదో మూడు రోజులలోగా లిఖితపూర్వకంగా తెలుపవలెనని, లేనియెడల నేను చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించి తగు చర్య తీసుకొనబడునని తమరు సెలవిచ్చారు. చెప్పుకోవడానికి చాలానే ఉంది కనుక గడువు కోసం ఆగకుండా ఈ రోజే రాస్తున్నాను.

మొదటి విషయం, ఆ సీటు నాది కాదు. దాని అసలు యజమాని ఎవరో తమకు తెలియదని అనుకోలేను, ఎందుకంటే ఆయన కోసం తమరు పడిన పాట్లకు నేనే ప్రత్యక్ష సాక్షిని. మొదటిసారి తమరు వెళ్లేసరికి ఆయన మెడికల్ లీవులో ఉన్నారు. మళ్లీ వెళ్లేసరికి లీవు ముగించుకుని వచ్చి, హాజరు వేసి, క్యాంపుకని చెప్పి వెళ్లిపోయారు. చివరికి రిజిస్టర్డు పోస్టులో ఇంటికే బయలుదేరితే, తలుపుకు తాళం ఉందన్న పోస్టుమాన్ రాతతో, కవరు చిరునామా మీద నీలి సిరా అడ్డగీతతో తిరిగి వచ్చారు. ఆ కవరుకు పంచింగు కొట్టి, ట్యాగు దూర్చి, ఫైలులో కట్టినవాణ్ణి నేనే. నా విషయంలో తమకు అంత ప్రయాస కలగలేదు. సీటులో ఉన్నాను కనుక దొరికాను, దొరికాను కనుక సంతకం చేశాను.

చట్టం మీద నాకు కోపం లేదని ముందే మనవి చేస్తున్నాను. విచారణ జరిపి, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఎవరినీ ఉద్యోగం నుంచి తీసేయరాదని చెప్పే రాజ్యాంగం 311వ అధికరణం రేపు నన్ను కూడా కాపాడవలసినదే. ప్రభుత్వోద్యోగుల క్రమశిక్షణ చర్యలకు వర్తించే 1991 నాటి సి.సి.ఎ. రూల్సులో 20వ నియమం అభియోగాలు, వాటి వివరణ, పత్రాల జాబితా, సాక్షుల జాబితా ఉండాలంటే అది న్యాయమే. ఆ కాగితాలు తయారు చేయలేకపోవడం మాత్రం చట్టం చేసిన తప్పు కాదు. ఆయనను సస్పెండు చేసిన రోజుల్లో పత్రాల జాబితా దగ్గరే ఆఫీసు ఆగిపోయింది, ఎందుకంటే అందులో చూపవలసిన హాజరు రిజిస్టరు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. మూడు నెలలు దాటినా అభియోగాలు తెలిపే ఛార్జి మెమో అందకపోతే సస్పెన్షను పొడిగించరాదని అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు 2015లో చెప్పిన తీర్పు నకలును చేత పట్టుకుని, ఉద్యోగ జీవితంలో మొదటిసారి సరిగ్గా సమయానికి, ఆయన విధులలో చేరారు. అప్పటిదాకా సగం జీతపు సెలవుకు సమానమైన భత్యం ఇంటి దగ్గరే ముట్టింది. శాఖాపరమైన విచారణను వీలైనంతవరకు ఆరు నెలల్లో, ఎంత ఆలస్యమైనా ఏడాదిలో ముగించాలని ప్రేమ్‌నాథ్ బాలి కేసులో అదే సుప్రీంకోర్టు అదే ఏడాది చెప్పింది. ఆ తీర్పు నకలు మా ఆఫీసులో ఇంతవరకు ఎవరి చేతిలోనూ కనబడలేదు. మొదటి విచారణాధికారి బదిలీ అయ్యారు, రెండోవారు రిటైరయ్యారు, మూడోవారు ఫైలును మొదటి పేజీ నుంచి చదువుతున్నారు.

ముఖం చూసి హాజరు వేసే యాప్ వచ్చాక ఇక తప్పించుకోలేరన్నారు. ముఖం ఒక్కటీ చాలునని ఆయన తొలి రోజే గ్రహించారు. పంద్రాగస్టు ప్రశంసాపత్రం కూడా ఆయనకే వచ్చింది. ఆ జాబితా పంపే సీటు ఆయనదే.

ఇక అసలు సంగతి. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా, తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు, ఆయన సీటుకు పూర్తి అదనపు బాధ్యతలు నాకు అప్పగించారు. పూర్తి అంటే పూర్తిగానే, బీరువా తాళం తప్ప. అది ఆయన దగ్గర ఉంది. తమరు పెండింగు అంటున్న ఫైళ్లన్నీ ఆ బీరువాలో ఉన్నాయి. తాళం తెప్పించండి, లేదా నలుగురి సమక్షంలో పగలగొట్టి పంచనామా రాయడానికి అనుమతించండి అని నోటు పెట్టాను. ‘చర్చించండి’ అని వచ్చింది. చర్చించి మళ్లీ పెట్టాను. మళ్లీ ‘చర్చించండి’ అనే వచ్చింది. చనిపోయిన మా పాత అటెండరు సర్వీసు రిజిస్టరు కూడా అందులోనే ఉంది. కుటుంబ పింఛను కోసం ఆ అటెండరు భార్య సోమవారం సోమవారం వచ్చి, నా ఎదుటి బల్ల మీద కూర్చుని, బీరువా వైపు చూసి వెళ్తుంది. ఆమెకు తాళం సంగతి చెప్పడానికి నాకు నోరు రాదు.

తమరిని తీసుకున్నాక అధికారి గారిని కలిశాను. ‘పైనుంచి అడిగారండీ, ఎవరో ఒకరికి మెమో ఇవ్వాలి కదా. ఆయనకిస్తే కోర్టుకెళ్తాడు. మీరైతే అర్థం చేసుకుంటారు’ అన్నారు. ఆ చివరి మాట నిన్న రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటే ఇదే కదా! నీకు తప్పొప్పులతో పని లేదు, సంతకం పెట్టే చెయ్యి ఎక్కడ కనబడితే అక్కడ వాలుతావు. ఏళ్ల తరబడి ఆయన ముట్టని ఫైళ్లకు నేను మూడు రోజుల్లో జవాబు చెప్పాలా? ఆ తలుపుకు నిన్ను అంటించి రావడానికి ఈ ఆఫీసులో ఒక్కరికీ తీరిక లేదా? కోర్టుకు వెళ్లనివాడంటే అంత లోకువా?

క్షమించాలి, తిరిగి విషయానికి వస్తాను. తమ ప్రశ్నకు నా సంజాయిషీ: ఫైళ్లు పెండింగులో ఉండటానికి కారణం బీరువాకు తాళం వేసి ఉండటం. నేను పెట్టిన రెండు నోట్ల నకళ్లు, వాటి మీద ఉన్న రెండు ‘చర్చించండి’లతో సహా జతపరిచాను. పంచనామాకు అనుమతి ఇప్పిస్తే అదే రోజు సర్వీసు రిజిస్టరు బయటికి తీసి కుటుంబ పింఛను ఫైలు పుటప్ చేస్తాను. సోమవారం లోపల ఇప్పించగలరు.

ఇట్లు,
సీనియర్ అసిస్టెంటు
(సీట్లు రెండు, తాళం ఒకటి)