మా మెడ మా ఇష్టం

అమెచ్యూర్ కారు రేసుల్లో తలనూ మెడనూ పట్టి ఉంచే హాన్స్ పరికరం తప్పనిసరి చేయాలంటే సీమ పౌరుషం లేవకుండా ఉంటుందా? ఎవడికీ తలవంచని గడ్డ ఇది. అలాంటి తలకు పట్టీలు వేసి భుజాలకు బిగిస్తారట! బండలాగుడు పోటీలో ఎద్దుకు కాడి వేస్తారు, సరే. డ్రైవరుకు వేస్తే మర్యాదేనా?

చూడ్డానికి అది కాడే, కాదనలేం. కార్బన్ ఫైబర్‌తోనో గట్టి ప్లాస్టిక్‌తోనో చేసిన యూ ఆకారపు ముక్క. రెండు కొమ్ములు ఛాతీ మీదికి దిగుతాయి, వెనక భాగం మెడ వెనక నిలబడుతుంది. భుజం బెల్టులు దానిమీదుగా వస్తాయి. దాన్నుంచి రెండు పలుపులు హెల్మెట్‌కు అటూ ఇటూ తగులుకుంటాయి. 1980ల మొదట్లో బయోమెకానిక్స్ ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్, రేసర్ జిమ్ డౌనింగ్ అనే బావాబావమరుదులు కలిసి దీన్ని తయారుచేశారు. చాలా ఏళ్లు రేసర్లు ఇరుకనీ ఉక్కపోతనీ దూరం పెట్టారు. 2001 ఫిబ్రవరి 18న అమెరికాలోని డేటోనా ట్రాకులో చివరి ల్యాప్‌లో పేరుమోసిన రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ గోడను గుద్ది, పుర్రె అడుగుభాగం చిట్లి చనిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో అమెరికా కారు రేసుల సంస్థ నాస్కార్ ఇలా తలనూ మెడనూ పట్టే పరికరాన్ని, 2003లో ఫార్ములా వన్ హాన్స్‌నే తప్పనిసరి చేశాయి. మాట తలకెక్కడానికి అంత ఖరీదు పడింది.

“అది దొరల రేసు అన్నా, మనది సరదాకి” అంటారు. కోయంబత్తూరు ట్రాకులోనో చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకులోనో ఒకరోజు తోలి అనంతపురం వచ్చేసేవాళ్లం కదా. నిజమే, గోడ కూడా ముందు లైసెన్సు చూసి, అమెచ్యూర్ అని తెలిస్తే కాస్త మెత్తబడుతుంది కాబోలు. గంటకు 70 కిలోమీటర్లతో పోయే కారు గుద్దుకుని 60 సెంటీమీటర్లలో ఆగితే సగటున 32 జీ, అంటే ఒంట్లో ప్రతిదీ తన బరువుకు 32 రెట్లు లాగుతుంది. తలా హెల్మెటూ కలిపి 6 కిలోలనుకుంటే, ఆ క్షణంలో మెడ మీద పడేది 190 కిలోల పైచిలుకు. ఒంటిని బెల్టు ఆపుతుంది, తలను ఆపేవాడు లేడు. రెండు క్వింటాళ్ల శెనక్కాయలను మెడనరాలతో పట్టుకోగలిగినవాళ్లకు ఈ పరికరం అక్కర్లేదని మేమూ ఒప్పుకుంటాం.

ఖర్చంటారా? అల్లాయ్ వీల్స్‌కూ, ఊరంతా లేచే సైలెన్సర్‌కూ లెక్క అడగని చేతికి ఇక్కడే పొదుపు గుర్తొస్తుంది.

అసలు ముచ్చట రూలు వచ్చాక మొదలవుతుంది. పరికరం కొంటాం, మెడలో వేసుకుంటాం, కంపెనీ బిగించిన మూడు పాయింట్ల బెల్టే పెట్టుకుంటాం! ఆ బెల్టు ఒక్క భుజం మీదుగానే పోతుంది కాబట్టి రెండో పక్క కాడిని పట్టుకునేది ఏమీ ఉండదు. అప్పుడది పెళ్లిలో వేసే దండ. రెండు భుజాల మీదుగా వచ్చే హార్నెస్ కావాలి. దాన్ని వెనక భుజమెత్తులోనో, అక్కణ్ణుంచి 20 డిగ్రీలు మించని వాలులోనో బిగించాలి. వెనక సీటు కింద నేలకు బోల్టు కొడితే, గుద్దినప్పుడు వెన్నును కిందికి నొక్కేస్తుంది. తుంటి ఎముకల మీద నడుము బెల్టు ముందు, కాళ్లమధ్య పట్టీలు తర్వాత, భుజాలవి ఆఖర్న. ఈ వరస తప్పితే మనిషి బెల్టు కిందికి జారతాడు.

హెల్మెట్ ఇంకో కథ. స్నెల్ ఎస్‌ఏ 2010 అనే రేసు హెల్మెట్ ప్రమాణం నుంచి వచ్చిన వాటిలో పలుపు కొక్కేలకు ఎం6 (ఆరు మిల్లీమీటర్ల) మరల గుంతలు కంపెనీవాళ్లే పెడతారు. మనవాళ్లు బైకు హెల్మెట్ పట్టుకుని డ్రిల్లింగు షాపుకు పోతారు. నిటారు సీటుకు 20 డిగ్రీల మోడల్, వెనక్కి వాలే సీటుకు 30 అని చెబితే, “ఏది చవకైతే అది ఇయ్యబ్బీ” అంటారు. ఎస్‌ఎఫ్‌ఐ 38.1 అనే అమెరికా భద్రతా ప్రమాణం ముద్ర ఉన్నదాన్ని ఐదేళ్లకోసారి మళ్లీ తనిఖీకి పంపాలన్న సంగతి ఎత్తకపోవడమే మంచిది.

ఎద్దును పోటీకి తోలేముందు కాడి కుదిరిందా, మెడమీద పుండుందా అని తడిమి చూస్తారు. పళ్లు చూసి విభాగం తేలుస్తారు. రేసుముందు జరిగే స్క్రూటినీలో డ్రైవరు మెడ తడిమే పెద్దమనిషి మాత్రం ఎక్కడా కనబడడు. తనిఖీ మొత్తం బంపర్‌కు కట్టిన నిమ్మకాయా మిరపకాయల దగ్గరే అయిపోతుంది. బ్రేకు పడినప్పుడల్లా ఆ నిమ్మకాయ ముందుకు ఊగి వెనక్కి వస్తుంది. దానికి దారం కట్టారు మరి.