పరమాన్నంలో హీలియోస్

కొత్త కెమెరా కొన్న ఏడాది తిరక్కుండానే మా బావకు పాత లెన్సుల మీద మనసు పడింది. కారణం కళ అంటాడు బావ. యూట్యూబ్ అంటుంది అక్క. ఇంట్లో లక్ష దాటిన మిర్రర్‌లెస్ కెమెరా ఉంది. దాంతో వచ్చిన లెన్సు ఎదుటి మనిషి కన్నెక్కడుందో తనే వెతుక్కుని ఫోకస్ చేసేస్తుంది. మనం బటన్ నొక్కితే చాలు. బావకు అదే బాధ.

"ఇందులో నా పాత్ర ఏముందిరా?" అని ఓ రాత్రి నన్ను నిలదీశాడు.

"సింకు నిండా ఉన్నాయి పాత్రలు, రండి" అంది అక్క వంటింట్లోంచి.

ఆయన కోరుకున్న లెన్సు పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌లో దొరికింది. ఓ గురువారం ఆఫీసుకు "ఇంటికి ప్లంబర్ వస్తున్నాడు" అని మెసేజ్ కొట్టి, నన్ను బండెక్కించుకుని తీసుకెళ్లాడు. తుప్పు పట్టిన స్పానర్లు, ముళ్లు ఊడిన గోడ గడియారాలు, జత లేని బూటు. వాటి మధ్య గోనెపట్టా మీద నల్లగా, బరువుగా కూర్చుని ఉంది హీలియోస్ 44-2. దాన్ని ఎత్తుకోగానే బావ చేతులు వణికాయి. బేరమాడేవాడి చేతులు వణకకూడదు. అమ్మేవాడు అది కనిపెట్టి రేటు అక్కడికక్కడే పెంచేశాడు.

"రష్యా కా మాల్ హై సాబ్. గిరా తో ఫర్ష్ టూటేగా, ఇస్కో కుచ్ నై హోతా" అన్నాడు. కింద పడితే నేల పగలాలే తప్ప దీనికేమీ కాదట. ఆ బజార్లో చెప్పే మాటల్లో సగానికి సగం తీసేయాలంటారు గానీ, ఈ మాటలో అక్షరం కూడా తీసేయాల్సింది లేదని తర్వాత తేలింది.

తిరుగు దారంతా లెన్సు చరిత్ర. హెల్మెట్‌లోంచి, ట్రాఫిక్‌లోంచి నాకు చేరినంతవరకు సంగతి ఇదీ. 1930ల్లో జర్మనీలో కార్ల్ జైస్ వాళ్లు బయోటార్ అనే 58 మి.మీ. లెన్సు చేశారు. యుద్ధం తర్వాత సోవియట్ వాళ్లు అదే నమూనాతో హీలియోస్ చేసి, జెనిట్ కెమెరాలకు తగిలించి లక్షల్లో అమ్మారు. అపర్చర్, అంటే లెన్సులో వెలుతురు దూరే కంత, పూర్తిగా తెరిస్తే వెనకాల ఉన్న ఆకులు, దీపాలు గుండ్రంగా సుడి తిరుగుతాయి. నిజానికి అది లెన్సులో లోపమే. ఆ లోపం కోసమే ఇప్పుడు జనం ఎగబడుతున్నారు. ఆ లెన్సుల సీరియల్ నంబరులో మొదటి రెండంకెలు చాలావరకు తయారైన సంవత్సరం. దీని మీద 78 అని ఉంది.

"1978. నాకన్నా పెద్దది. మర్యాదగా పట్టుకో" అన్నాడు బావ, సిగ్నల్ దగ్గర దాన్ని నా చేతిలో పెడుతూ.

లెన్సు ఊరికే కెమెరాకు పట్టదు. మధ్యలో అడాప్టర్ ఉండాలి. పాత ఫిల్మ్ కెమెరాల్లో లెన్సుకూ ఫిల్ముకూ నడుమ అద్దం ఒకటి లేస్తూ వాలుతూ ఉండేది కాబట్టి దానికి చోటు వదిలేవారు. ఈ రకం లెన్సు కూర్చునే అంచు నుంచి ఫిల్ము దాకా 45.46 మి.మీ. దూరం ఉండాలి. బావ వాడే సోనీ కెమెరాలో అద్దమే లేదు గనక ఆ దూరం 18 మి.మీ. మాత్రమే. తక్కువైన ఆ 27 మి.మీ. చిల్లరను పూడ్చే లోహపు గొట్టమే అడాప్టర్. కాస్త మందంగా చేశారా, ట్యాంక్‌బండ్ మీద నిలబడి ఎంత తిప్పినా హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడు మసగ్గానే ఉంటాడు. కోఠి గుజరాతీ గల్లీలో పన్నెండు వందలు పోసి ఒకటి తెచ్చాడు. అక్క దాన్ని కంటి దగ్గర పెట్టుకుని, ఇటు నుంచి అటు చూసింది.

"లోపల ఏమీ లేదేంటండీ?"

"ఉండకూడదు. అదే దాని గొప్పతనం."

"ఏమీ లేనిదానికి పన్నెండు వందలా?"

తగిలించాక ఇంకో తంటా. కొత్త లెన్సయితే కెమెరాతో మాట్లాడుతుంది, ఇది మాట్లాడదు. దాంతో కెమెరా తనకు లెన్సే తగిలించలేదని మొండికేసింది. బావ ఓ సాయంత్రమంతా మెనూల్లో ఈది, లెన్సు లేకపోయినా ఫోటో తీయమని చెప్పే సెట్టింగు పట్టుకుని ఆన్ చేశాడు. ఈ సెట్టింగును గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పని పడుతుంది. చెయ్యి వణికినా బొమ్మ చెదరకుండా ఉండాలంటే లెన్సు 58 మి.మీ. అని కూడా మనమే కెమెరాకు చెప్పాలి. అపర్చర్ ఎంత పెట్టామో దానికి ఎలాగూ తెలియదు, ఫోటోతో పాటు దాచుకోదు. అందుకని దాన్ని రాసి ఉంచే గుమాస్తా ఉద్యోగం నాకిచ్చారు, జీతం లేకుండా.

ఫోకస్ చేతితో తిప్పాలి కాబట్టి సాయానికి ఫోకస్ పీకింగ్ అని ఒకటి ఉంటుంది. ఏది స్పష్టంగా ఉందో దాని అంచుల మీద తెరలో ఎర్రటి గీతలు మెరుస్తాయి. బావ ముందుగా పిల్లాడి మీద ప్రాక్టీసు మొదలుపెట్టాడు. పక్క నుంచి బామ్మగారు తెరలోకి తొంగి చూశారు. మునిమనవడి బుగ్గల మీద, నుదుటి మీద, చేతుల మీద ఎర్రెర్రగా ఏదో పోసి ఉంది.

"ఓరి నాయనోయ్, పిల్లాడికి అమ్మవారు పోసిందిరా!"

ఆవిడ వేపాకు కోసం నన్ను అపార్ట్‌మెంట్ కిందికి తరిమేశారు. నేను కొమ్మతో తిరిగొచ్చేసరికి బావ పీకింగ్ రంగు పసుపుకి మార్చాడు. ఆవిడ మళ్లీ తొంగి చూసి ఈసారి కామెర్లన్నారు. ఆఖరికి తెలుపు పెట్టాక ఇల్లు సద్దుమణిగింది.

సరే, అసలు సంగతి. మా మేనల్లుడికి ఆరో నెలలో ముహూర్తం కుదరక ఎనిమిదో నెలలో అన్నప్రాశన పెట్టుకున్నారు. కూకట్‌పల్లిలో బావ వాళ్ల ఫ్లాట్‌లోనే. ఫోటోగ్రాఫర్‌ని మాట్లాడదామని అక్క, తానుండగా ఫోటోగ్రాఫర్ ఎందుకని బావ. పోనీ ఆ కొత్త లెన్సయినా పెట్టండి అంటే వినలేదు.

"రాజా దీన్‌దయాళ్‌కి ఆటోఫోకస్ ఉందా? మన సికింద్రాబాద్‌లోనే స్టూడియో. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆయన ఫోటోలు చూసి ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు."

"ఆయన తీసింది నిజాం ఫోటోలండీ. నిజాం పాకలేదు" అంది అక్క.

నిజానికి ఈ మొత్తం వ్యవహారంలో సాంకేతికంగా సరైన మాట అదొక్కటే. ఆ లెన్సును పూర్తిగా తెరిచి మీటరు దూరంలో మనిషిని పెడితే, స్పష్టంగా ఉండే లోతు మూడున్నర సెంటీమీటర్లు. అర మీటరుకు వస్తే సెంటీమీటరు కూడా ఉండదు. కన్ను మీద ఫోకస్ పెడితే ముక్కు పోతుంది, ముక్కు మీద పెట్టేలోపు పిల్లాడే పోతాడు. ఆ రోజు ఉదయం తీసిన వాటిలో పిన్ని చెవి జూకా, పంతులుగారి పంచె అంచు, అరటిపళ్ల గెలలో మూడో హస్తం అద్భుతంగా వచ్చాయి. వాటి వెనకాల బంధువులంతా సుడిలో పడి తిరుగుతున్నారు.

మేనమామను కాబట్టి పీట మీద నేను కూర్చున్నాను. ఒక తొడ మీద పట్టు చొక్కా, మొలతాడుతో మేనల్లుడు, ఇంకో తొడ కింద అపర్చర్ల నోటుబుక్కు. ఎదురుగా వెండి గిన్నెలో పరమాన్నం, పైన నెయ్యి తేలుతోంది. ఆ గిన్నె బావ వాళ్లమ్మగారి పుట్టింటి సొత్తు. ఆ విషయం అప్పటికి అందరికీ ఒకసారైనా చెప్పారు. పంతులుగారు మంత్రం మొదలుపెట్టారు. బంగారు ఉంగరంతో పరమాన్నం తీసి నాలుక మీద రాయాలి. ఆ క్షణాన్ని పట్టాలని బావ మోకాళ్ల మీద వంగి, కెమెరాను గిన్నెకు సరిగ్గా పైన పెట్టాడు.

నలభై ఏళ్లు దాటిన లెన్సు, లోపల గ్రీజు జిగురుగట్టింది. ఫోకస్ రింగు ఒక వైపుకి తిరుగుతోంది, రెండో వైపుకి బిగుస్తోంది. ఈ రకం లెన్సు కెమెరాకు మరతో బిగుస్తుంది, సీసా మూత బిగిసినట్టు. రింగు కదలనప్పుడు బావ ఇంకాస్త బలం వేసేవాడు. అప్పుడు రింగు బదులు లెన్సే మొత్తంగా మరలోంచి చుట్టుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఊడి వచ్చేది. చిత్రమేమిటంటే, కెమెరాలో ఫిల్ము బదులు ఉండే సెన్సర్‌కి లెన్సు ఎంత దూరం జరిగితే అంత దగ్గరి వస్తువు మీద ఫోకస్ కుదురుతుంది.

"చూశావట్రా! దీనికి అర మీటరు కన్నా దగ్గర ఫోకస్ కాదని రాస్తారు. నెయ్యి బొట్టు కూడా కనిపిస్తోంది నాకు! ఆహా, రష్యావాడు రష్యావాడే!"

ఆ ఆహా పూర్తవకుండానే గిన్నెలో బుడుంగుమంది.

నెయ్యి నా కళ్లజోడు మీద పడింది. పంతులుగారు మంత్రం ఆపలేదు, ఆయన అనుభవం అలాంటిది. పిల్లాడు ఏడవబోయి, చెంప మీద పడింది నాకి చూసి, ఏడుపు మానుకున్నాడు. వాడి అన్నప్రాశన శాస్త్రోక్తంగా కాకపోయినా ముహూర్తానికే జరిగిందని చెప్పాలి. కంటిని కెమెరాకు ఆనించుకుని ఉన్న బావకు మాత్రం ఇవేవీ తెలియవు. తెర మీద ఉన్నట్టుండి తెల్లటి వెలుతురు పరుచుకుంది.

"ఎవర్రా లైటు వేసింది? ఓవర్ ఎక్స్‌పోజ్ అవుతోంది. అపర్చర్ నాలుగు, రాసుకో" అంటూ బటన్ నొక్కుతూనే ఉన్నాడు. లెన్సు లేకపోయినా ఫోటో తీయమని చెప్పింది ఆయనే కాబట్టి కెమెరా తీస్తూనే ఉంది. ఆ తెల్లటి ఫోటోలు ఇప్పటికీ అక్క ఫోన్‌లో భద్రంగా ఉన్నాయి. ఇంటికి ఎవరొచ్చినా "మా ఆయన తీసినవి" అని చూపిస్తుంది.

నేను వేళ్లతో దేవి లెన్సును పైకి తీశాను. గాజు మీద గీత కూడా పడలేదు. గిన్నెకు మాత్రం అడుగున బొటనవేలంత సొట్ట. బజార్లో అతను నేల పగులుతుందన్నాడు, వెండి సంగతి మేం అడగలేదు. బావ వాళ్లమ్మగారు గిన్నెను ఖాళీ చేసి, కడిగి, కిటికీ వెలుతురులో తిప్పి చూశారు. కొడుకును ఒక్క మాట అనలేదు. "మా అమ్మ ఉంటేనా" అని మాత్రం అని లోపలికి వెళ్లిపోయారు. బావ ఆ రోజు భోజనానికి చివరి పంక్తిలో కూర్చున్నాడు.

వంటింట్లో పొయ్యి మీద ఇంకా పరమాన్నం ఉంది కాబట్టి స్టీలు గిన్నెలో తెచ్చి తంతు మళ్లీ చేయించారు. తర్వాత చాప మీద పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు, చాకు, పువ్వు పేర్చి పిల్లాణ్ని వదిలారు. వాడు పెన్ను దాటాడు, పుస్తకం దాటాడు, గొలుసు మీద మోకాలు వేసి మరీ దాటాడు. చాప చివర తువ్వాలులో చుట్టి పెట్టిన హీలియోస్ దగ్గరకు పోయి, దాన్ని రెండు చేతులా పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. బెల్లం, పాలు, నెయ్యి అంటిన లెన్సు పెన్ను కన్నా రుచిగా ఉంటుందనడంలో ఆశ్చర్యమేముంది?

బావ మొహం వెలిగిపోయింది. "ఫోటోగ్రాఫర్!"

"నోర్ముయ్" అన్నారు బావ వాళ్ల పెదనాన్నగారు. "అది ఏ దేశం సరుకు?"

"రష్యా."

"అయితే ఎంబీబీఎస్‌కి రష్యా వెళ్తాడు." దాంతో హాలంతా చల్లబడింది. ఫీజులెంత, ఆ చలికి తట్టుకుంటాడా, తిరిగొచ్చాక ఇక్కడ పరీక్ష పాసవగలడా అని భోజనాల దాకా అదే చర్చ. ఇదంతా తీయడానికి కెమెరాకు లెన్సు లేదు. మాకు మిగిలిన ఫోటోలన్నీ పై ఫ్లోరు పదో తరగతి అమ్మాయి ఫోన్‌తో తీసినవే. అన్నీ ఫోకస్‌లోనే ఉన్నాయి.

ఆ వారమే బావ నన్ను వెంటేసుకుని కోఠిలో ఒక పాత మెకానిక్ దగ్గరకు వెళ్లాడు. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని లెన్సును మూడుసార్లు తిప్పి, వాసన చూసి, ట్వీజర్‌తో రింగు సందులోంచి యాలకుల గింజ ఒకటి బయటికి లాగాడు. దాన్ని గోటి మీద పెట్టుకుని చాలాసేపు పరిశీలించాడు.

"హలీం మే గిరా క్యా?" అని అడిగాడు, రంజాన్ నెలలో ఇలాంటివి మామూలే అన్నంత నిదానంగా.

"నై భాయ్, అది... పూజ..." అని బావ మొదలుపెట్టాడు.

ఆయన మళ్లీ వాసన చూశాడు. "పాత గ్రీజు తీసి కొత్తది వేస్తా, రింగు వెన్నలా తిరుగుతుంది" అని హిందీలో భరోసా ఇచ్చి, లెన్సును కాగితం కవరులో వేశాడు. కవరు మీద కంప్లయింట్ అని అచ్చయి ఉన్న చోట, బావ నోరు తెరిచేలోపే, పెద్ద అక్షరాలతో 'ఖీర్' అని రాసి ఐదొందలు అడ్వాన్స్ అడిగాడు.